గండి పడ్డాక 42 రోజులు

తెలుగులో తిట్లకు కొదవ లేదు గానీ, వైద్యశాస్త్రం ఇమిడిన తిట్టు మాత్రం నాకు ఒకటే కనిపిస్తుంది: 'నెత్తురు కక్కుకుని చస్తావు'. బెజవాడ పటమట రైతుబజారులో తూకం దగ్గర తగాదా వచ్చినా వినపడుతుంది, ఆస్తి పంపకాల్లో అన్నదమ్ముల మధ్యా వినపడుతుంది. దీన్ని పుట్టించినవాళ్లు ఊరికే పుట్టించి ఉండరు. నిన్నటిదాకా పనిలోకి వెళ్లిన మనిషి అర్ధరాత్రి లేచి గిన్నెడు నెత్తురు కక్కి, తెల్లారేసరికి పోవడం కళ్లారా చూసి ఉంటారు. క్షయతో పోయినవాళ్లు కొందరు, కడుపులో పుండు పగిలి పోయినవాళ్లు కొందరు, లివరు చెడి పోయినవాళ్లు ఇంకొందరు. కారణం కంటికి కనపడని చోట చేతబడి వచ్చి కూర్చుంది. మన సినిమాలు దానికి రంగులద్దాయి. మంత్రగాడు పిండిబొమ్మకు సూది గుచ్చుతాడు, ఊరికవతల ఒకడి నోట్లోంచి నెత్తురు కారుతుంది.

మా వీధి చివరింటి మేస్త్రి విషయంలోనూ ముందు వచ్చిన మాట అదే. ఆయన ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే వడ్రంగి మేస్త్రి. 2024 దసరా రోజులు. మర్నాడు మూలా నక్షత్రం కావడంతో దుర్గమ్మ కొండ కింద ఊరంతా బారికేడ్లే. రాత్రి రెండింటికి ఆయన కొడుకు మా తలుపు కొట్టాడు. "మాస్టారూ, ఒక్కసారి రండి. నాన్న నెత్తురు కక్కుతున్నాడు." నేను జువాలజీ లెక్చరరుగా రిటైరైనవాణ్ణి. డాక్టర్ని కానని ఈ వీధిలో చాలామందికి చెప్పాను, ఎవరూ వినిపించుకోలేదు.

బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బు ఆయన ముందు పెట్టారు. అడుగున రెండంగుళాల మేర ఎర్రగా, మధ్యమధ్య గడ్డలు. కోళ్ల షాపులో విడిగా తూచి ఇచ్చే కార్జం ముక్కలు ఎలా ఉంటాయో అచ్చం అలా. చెడింది ఆయన కార్జమే అని ఆ క్షణంలో నాకు తట్టలేదు, తర్వాత తట్టి ఒళ్లు జలదరించింది. ఒళ్లంతా చల్లటి చెమట. "రెండ్రోజుల్నించి దొడ్డికి తారులా నల్లగా అవుతోందంటున్నారు అన్నయ్య గారూ, వాసన కూడా భరించలేకుండా ఉంది. బలానికి ఐరన్ బిళ్లలు వేసుకుంటున్నారు కదా, వాటివల్లేమో అనుకున్నాం" అంది ఆయన భార్య. ఐరన్ బిళ్లలకూ నలుపు వస్తుంది, నిజమే. కానీ ఆ తారు జిగురూ, ఆ కుళ్లు వాసనా బిళ్లలతో రావు. కడుపులోకి కారిన నెత్తురు పేగుల్లో అరుగుతూ దిగినప్పుడు వస్తాయి. గండి అప్పటికే పడింది. రెండు రోజులు సన్నగా కారి, ఆ రాత్రి తెగింది.

మూలనున్న ముసలావిడ, మేస్త్రికి అత్తగారు, మెల్లగా అంది: "ఆ పక్క షెడ్డువాడే చేయించాడు."

ఆవిడ ఆ మాట అన్న చోటికి నాస్తిక కేంద్రం ఎంతో దూరం లేదు. కాలేజీలో బోటనీ చెప్పుకునే గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలుపెట్టి, 1947లో పటమటకు తరలించిన కేంద్రం అది. చేతబడి భయం పోగొట్టడానికి ఆ కేంద్రంవాళ్లు ఊళ్లు పట్టుకు తిరిగారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది పుట్టిన కొడుక్కి గోరా సమరం అని పేరు పెట్టాడు. ఆ డాక్టర్ సమరమే తర్వాత తెలుగు పత్రికల్లో ఆరోగ్య శీర్షికలు రాసి, ఒంటి గురించి సిగ్గుపడకుండా అడగడం రెండు తరాలకు నేర్పాడు. ఇంత జరిగిన పేటలోనే ఆ మాట వినపడినందుకు నాకు ముసలావిడ మీద కోపం రాలేదు. అర్ధరాత్రి టబ్బులో అల్లుడి నెత్తురు చూసిన మనిషికి ఏదో ఒక కారణం చేతికందాలి. ఆవిడకు అందింది అది.

108కి ఫోన్ చేశాం. 2005 ఆగస్టు 15న ఈ సర్వీసు మొదలుకాక ముందైతే, ఆ వేళప్పుడు ఆటో కోసం బెంజి సర్కిల్ దాకా పరుగెత్తాల్సి వచ్చేది. దసరా మళ్లింపుల వల్ల సందులు తిరిగి తిరిగి సూర్యారావుపేటలో ఓ ఆస్పత్రి చేరాం.

అసలు లివరు చెడితే నెత్తురు గొంతులోంచి ఎందుకు రావాలి? లివరు కుడి డొక్కలో ఎముకల కింద ఉంటుంది, నెత్తురేమో అన్నవాహిక చివర్న కారుతుంది. రెంటికీ సంబంధం ఏమిటని ఆస్పత్రి వరండాలో కొడుకు అడిగాడు. బెజవాడవాడికి దీన్ని అర్థమయ్యేలా చెప్పడం 2024కి ముందు కష్టం, తర్వాత సులువు. బుడమేరు చెప్పాను.

మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే బుడమేరును ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి ఆపి, డైవర్షన్ కాలువలో కృష్ణకు మళ్లిస్తారు. కృష్ణ తీసుకుంటున్నంత కాలం ఏ బాధా లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణే పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. నిండుగా ఉన్న కృష్ణ బుడమేరు నీటిని లోపలికి రానివ్వలేదు. నీరు ఎగదన్నింది, కట్ట మీద ఒత్తిడి పెరిగింది, మూడు చోట్ల గండి పడింది. ఆ గండ్లకు మునిగింది కృష్ణ ఒడ్డు కాదు, దానికి ఎక్కడో దూరంగా ఉన్న సింగ్‌నగర్, పాయకాపురం.

మన పొట్టలోనూ ఇలాంటి కాలువ ఒకటుంది. పేగులు, జీర్ణాశయం, ప్లీహం, క్లోమం నుంచి వచ్చే నెత్తురంతా నేరుగా గుండెకు పోదు. ముందు ఒక పెద్ద సిరలో కలిసి లివరులోకి పోతుంది. నేను క్లాసులో దాన్ని 'కాలేయ నిర్వాహక సిర' అని చెప్పేవాణ్ణి, పిల్లలు నిర్వాహకుడెవరని నవ్వేవాళ్లు. డాక్టర్లు పోర్టల్ సిర అంటారు. లివరుకు నిమిషానికి దాదాపు లీటరున్నర నెత్తురు అందుతుంటే, అందులో నాలుగింట మూడు వంతులు ఈ కాలువదే. ఆరోగ్యంగా ఉన్న లివరు స్పాంజిలాంటిది. అంత నెత్తురూ ఒత్తిడి తెలియకుండా ఇంకి అవతలికి పోతుంది. ఈ సిరకూ లివరు దాటిన తర్వాతి సిరకూ మధ్య ఒత్తిడి తేడా 5 మిల్లీమీటర్ల పాదరసం మించదు. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ 120 అని గుర్తుంచుకుంటే ఇది ఎంత మెత్తని ప్రవాహమో తెలుస్తుంది.

ఏళ్ల తరబడి దెబ్బ తిన్న లివరులో మచ్చ కట్టిన పీచు పేరుకుంటుంది. స్పాంజి కాస్తా గట్టి గడ్డల మూటగా మారుతుంది. అదే సిర్రోసిస్. కృష్ణ తీసుకోవడం మానేసింది. ఎగువన నెత్తురు ఎగదన్నుతుంది. ఒత్తిడి తేడా 10 దాటితే నెత్తురు పక్కదారులు వెతుక్కుంటుంది. ఆ పక్కదారుల్లో ముఖ్యమైనది జీర్ణాశయం పైభాగం మీదుగా అన్నవాహిక కొసకు పోయే సన్నటి సిరలు. అవి పిల్లకాలువలు. వాటిలోకి మెయిన్ కెనాల్ వదిలితే ఏమవుతుందో అదే అవుతుంది. ఉబ్బి, మెలికలు తిరిగి, వానపాముల్లా లోపలికి పొడుచుకొస్తాయి. వీటిని వేరిసిస్ అంటారు. ఒత్తిడి తేడా 12 దాటితే పగలొచ్చు.

మరి అక్కడే ఎందుకు పగలాలి? అన్నవాహిక చివరి రెండు మూడంగుళాల్లో ఈ సిరలు కండ కింద దాక్కుని ఉండవు, పైపొర కిందే ఉంటాయి. కట్టకు రాతి పేర్పు లేని చోటన్నమాట. దానికి తోడు ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాస్ పేరున్న సూత్రం ఒకటి పనిచేస్తుంది. గొట్టం గోడ మీద పడే లాగుడు లోపలి ఒత్తిడితోనూ గొట్టం వెడల్పుతోనూ పెరుగుతుంది, గోడ మందం పెరిగితే తగ్గుతుంది. తిరనాళ్లలో బెలూను ఊదేవాణ్ణి చూడండి. ఊదేకొద్దీ బెలూను వెడల్పవుతుంది, అదే సమయంలో రబ్బరు పలచనవుతుంది. రెండు చెడుగులూ కలిసే వస్తాయి. అందుకే చిన్న వేరిసిస్ ఏళ్లకేళ్లు ఊరుకుంటాయి, పెద్దవి చెప్పకుండా పగులుతాయి. ఎండోస్కోపీలో పెద్ద సిర మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు కనపడితే, గోడ అక్కడ కాగితమైపోయిందని డాక్టరుకు అర్థమవుతుంది.

బుడమేరు పోలిక ఒకచోట చాలదు. కాలువ కట్ట ఊరికే ఉంటుంది, ఒళ్లు ఊరికే ఉండదు. లివరు బిగుసుకున్నకొద్దీ పేగుల ధమనులు సాగి, ఇంకా ఎక్కువ నెత్తురు లోపలికి పంపుతాయి. దిగువన తలుపులు మూసుకుంటుంటే ఎగువన గేట్లెత్తే పని ఒళ్లే చేస్తుంది. దీని లాభం ఏమిటో నాకైతే ఈనాటికీ బోధపడదు.

ఆస్పత్రిలో అడుగుపెట్టగానే మేస్త్రికి పెట్టిన మొదటి ఇంజెక్షన్ ఈ ఎగువ గేట్ల కోసమే. టెర్లిప్రెస్సిన్ అని ఒకటి, ఆక్ట్రియోటైడ్ అని ఇంకొకటి వాడుకలో ఉన్నాయి. రెండూ పేగుల ధమనులను బిగించి, పోర్టల్ సిరలోకి వచ్చే నెత్తురును తగ్గిస్తాయి. ఎండోస్కోపీ దాకా ఆగకుండా, అనుమానం రాగానే మొదలుపెడతారు.

గొడవ నెత్తురు ఎక్కించే దగ్గర వచ్చింది. మేస్త్రి హిమోగ్లోబిన్ 6.4. ఆటోనగర్ నుంచి తెల్లవారకముందే పదిమంది కుర్రాళ్లు వచ్చారు. వెల్డింగ్ కుర్రాడు, టింకరింగ్ కుర్రాడు, పెయింటర్లు. అందరూ చొక్కా చేతులు పైకి మడిచి నిలబడ్డారు. "ఎన్ని బాటిళ్లు కావాలంటే అన్ని ఎక్కించండి సార్, మేమున్నాం" అన్నారు. డాక్టరు రెండు ఎక్కించి, హిమోగ్లోబిన్ 7 దాటి 8 దగ్గరకు రాగానే ఆపేశాడు. బయట గుసగుసలు మొదలయ్యాయి. డబ్బు కట్టలేమని ఆపారా? మనిషిని వదిలేశారా? పోయిన నెత్తురంతా మళ్లీ పోయాలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. దశాబ్దాల పాటు డాక్టర్లకూ అనిపించింది.

ఆ కుర్రాళ్లకు మళ్లీ బుడమేరే చెప్పాల్సి వచ్చింది. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగి వారం రోజులు పట్టింది గదా. మట్టీ రాళ్లూ వేసి అప్పుడే పూడ్చిన కట్ట మీదకు ఎగువ నుంచి ఇంకో వరద వదిలితే? ఒంట్లో నెత్తురు పరిమాణం పెరిగితే పోర్టల్ ఒత్తిడీ పెరుగుతుంది. అప్పుడే గడ్డకట్టి మూసుకున్న చిల్లు మళ్లీ తెగుతుంది. ఇది ఊహ కాదు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో విల్లనువా, ఆయన తోటి డాక్టర్లు కడుపులో నెత్తురు కారుతున్న 921 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గితేనే నెత్తురు ఎక్కించారు, రెండో జట్టుకు 9 కన్నా తగ్గగానే ఎక్కించారు. ఆరు వారాలకు తక్కువ ఎక్కించిన జట్టులో 95 శాతం, ఎక్కువ ఎక్కించిన జట్టులో 91 శాతం బతికున్నారు. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో పోర్టల్ ఒత్తిడి కొలిచి చూస్తే, ఎక్కువ ఎక్కించిన జట్టులోనే అది పెరిగింది. 2013లో ఈ ఫలితం అచ్చయ్యాక ప్రపంచమంతా చెయ్యి వెనక్కి తీసుకుంది. ప్రాణం కాపాడిన కొత్త పద్ధతి ఏమిటయ్యా అంటే, చేసే పని కాస్త తగ్గించడం. ఇలాంటివి పేపర్లో పెద్ద అక్షరాలతో రావు.

మర్నాడు పొద్దున ఎండోస్కోపీ గది బయటి తెర మీద నేనూ చూశాను. కెమెరా గొట్టం గొంతు దిగి, గులాబీ రంగు సొరంగంలో సాగి, కొసన ఆగింది. నీలంగా నాలుగు వేరిసిస్ మెలికలు తిరిగి ఉన్నాయి. ఒకదాని మీద తెల్లటి మొటిమ. చిల్లు మూసుకున్న బిరడా అదే. గొట్టం కొసనున్న చిన్న ప్లాస్టిక్ టోపీలోకి డాక్టరు ఆ సిరను గాలితో పీల్చాడు. తెర అంతా ఎర్రబడింది. పిడి ఒక్కసారి తిప్పాడు. టోపీ మీద చుట్టి ఉన్న నల్లటి రబ్బరు బ్యాండు జారి సిర మెడకు బిగుసుకుంది. వెనక్కి తీస్తే ద్రాక్షపండులా ఉబ్బి నిలబడింది. అలా ఆరు బ్యాండ్లు. నాలుగైదు రోజుల్లో ఆ ద్రాక్షలు ఎండి రాలిపోతాయి, ఆ చోట చిన్న పుండు పడి మానుతుంది.

ఈ బ్యాండు కథ నాకు భలే ఇష్టం. మొలల డాక్టర్లు ఎప్పటినుంచో చేస్తున్న పని ఇది. మొలకు రబ్బరు బిగిస్తే ఎండి రాలుతుంది. అమెరికాలో డెన్వర్ సర్జన్ స్టీగ్మన్ అదే కిటుకును పైకి తెచ్చి, 1986లో అన్నవాహికలో వేసి చూపించాడు. రెండు చోట్లా ఉబ్బిన సిరలే గదా! అంతకు ముందు సిరలోకి సూదితో మందు ఎక్కించి గట్టిపరిచేవాళ్లు. 1939లో స్వీడన్‌లో మొదలైన పద్ధతి అది. 1950లో సెంగ్‌స్టాకెన్, బ్లేక్‌మోర్ అనే ఇద్దరు ముక్కులోంచి దించి లోపల బెలూను ఊది నొక్కిపెట్టే రబ్బరు గొట్టం తెచ్చారు. ఏ మందుకూ లొంగని వరద వస్తే, వేరే ఏర్పాటు జరిగేదాకా దాన్ని ఇప్పటికీ దించుతారు. సిర అన్నవాహికలో కాక జీర్ణాశయంలో పగిలితే బ్యాండు కుదరదు. అప్పుడు జిగురు వాడతారు. బజారులో ఫెవిక్విక్ అని కొంటామే, ఆ జాతిదే. సిరలోకి పోగానే నెత్తురుతో కలిసి రాయవుతుంది. జీర్ణాశయంలో ఏ చోటి సిర ఎంత ప్రమాదమో తేల్చి 1992లో తరగతులు చేసినవాడు ఢిల్లీ డాక్టర్ శివకుమార్ సరీన్. ఇప్పుడు ఏ దేశపు పుస్తకం తెరిచినా ఆ తరగతులు ఆయన పేరుతోనే ఉంటాయి.

ఆ తర్వాతి రెండు రోజులు నెత్తురు చుక్క రాలేదు. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకున్నారు. మూడో రోజు మేస్త్రి భార్యను చూసి చెల్లెలి పేరు పెట్టి పిలిచాడు. కుడి చెవి మీద మాటిమాటికీ తడుముకుంటున్నాడు. ముప్పై ఏళ్లుగా అక్కడ ఉండే పెన్సిల్ కోసం. దుంగల కొలతలు గొణుగుతున్నాడు. డ్యూటీ డాక్టరు ఆయన చేతులు ముందుకు చాపి, లారీ ఆపుతున్నట్టు అరచేతులు పైకి ఎత్తమన్నాడు. అరచేతులు రెక్కల్లా టపటపా కొట్టుకున్నాయి.

"మెదడులో కూడా నెత్తురు కారిందా మాస్టారూ?" అని కొడుకు ఏడ్చాడు. కాదు. పేగుల్లో మిగిలిన నెత్తురు చేస్తున్న పని అది. నెత్తురంటే మాంసకృత్తుల మూట. పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని విరిచి అమ్మోనియా తయారుచేస్తాయి. బాగున్న లివరైతే దాన్ని అక్కడికక్కడే యూరియాగా మార్చి పంపేస్తుంది. చెడిన లివరు వదిలేస్తుంది, అది మెదడుకెక్కుతుంది. రోజుకు రెండు మూడు విరేచనాలయ్యేలా తియ్యటి లాక్టులోజ్ సిరప్ తాగిస్తూ, పేగులు కడిగారు. ఐదో రోజుకు భార్యను పేరు పెట్టి పిలిచాడు. ఇంటాయన తన పేరు పలకగా విని ఎన్నేళ్లయిందోనని ఆవిడ నవ్వింది.

ఇక్కడే ఈ జబ్బు గుట్టుంది. నెత్తురు కక్కి పోయినవాళ్లందరూ నెత్తురు చాలక పోలేదు. నెత్తురు ఆగాక కూడా చాలామంది పోయారు. నెత్తురు కారడం చెడిన లివరుకు ఆఖరి దెబ్బలా తగులుతుంది. ఒత్తిడి పడిపోయి లివరుకు అందే నెత్తురు తగ్గుతుంది, మిగిలిన కాస్త లివరూ వాడుతుంది, మూత్రపిండాలు మొరాయిస్తాయి. పేగు గోడలు సడలి సూక్ష్మజీవులు నెత్తుట్లోకి చేరతాయి. ఇలా ఆస్పత్రికి వచ్చేవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి వచ్చేసరికే ఇన్ఫెక్షన్ ఉంటుంది. అందుకే జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ మొదటి రోజు నుంచే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తారు. నెత్తురు కారితే యాంటీబయాటిక్ ఏమిటని అడగాలనిపిస్తుంది గానీ, చావులు తగ్గించినవాటిలో ఇదీ ఒకటని పరీక్షల్లో తేలింది.

పారిస్‌లో ఒక ఆస్పత్రి డాక్టర్లు తమ పాత రికార్డులు తిరగేసి 2004లో లెక్క చెప్పారు. 1980లో వేరిసిస్ పగిలి చేరినవాళ్లలో 42.6 శాతం ఆస్పత్రిలోనే పోయారు. 2000 నాటికి అది 14.5 శాతం. ఇరవై ఏళ్లలో మూడింట ఒక వంతుకు దిగింది. ఈ మధ్య కాలంలో గొప్ప మందేదో కనిపెట్టలేదు. మొలల నుంచి తెచ్చిన రబ్బరు బ్యాండు, ధమనులు బిగించే ఇంజెక్షన్, ఎప్పుడూ వాడే యాంటీబయాటిక్, ఎవరెప్పుడేం చేయాలో రాసిపెట్టుకున్న పద్ధతి. నాలుగూ కలిసి చేసిన పని.

బతుకు లెక్కకు ఆరు వారాలు, అంటే 42 రోజులు హద్దుగా పెట్టుకున్నారు. నెత్తురు కారిన తర్వాత ప్రాణభయం మొదటి రోజుల్లో శిఖరం మీద ఉండి, రోజురోజుకూ దిగుతూ, దాదాపు ఆరు వారాలకు నెత్తురు కారని సిర్రోసిస్ రోగితో సమానమవుతుంది. 1990 నుంచి ఇటలీలో మజ్జోరె సరస్సు ఒడ్డునున్న బవేనో ఊరి పేరుమీద నిపుణులు సమావేశమవుతూ ఇలాంటి హద్దులు రాసుకుంటున్నారు. ఇప్పటి లెక్కల్లో ఆరు వారాల్లో పోయేవాళ్లు నూటికి 15 నుంచి 20 దాకా. ఈ సగటును నమ్ముకుంటే మోసపోతాం. అందరికీ ఒకే అపాయం లేదు. కామెర్లు ఎంత, ఆల్బుమిన్ ఎంత, నెత్తురు గడ్డకట్టే వేగం ఎంత, పొట్టలో నీరుందా, మతి తప్పుతోందా అని ఐదు ప్రశ్నలకు మార్కులు వేసి ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేస్తారు. దీన్ని చైల్డ్-ప్యూ స్కోరంటారు. చైల్డ్ అంటే పిల్లలు కారు, 1964లో దీన్ని మొదలుపెట్టిన అమెరికన్ సర్జన్ ఇంటిపేరు. మొదటిదైన 'ఏ' తరగతివాళ్లు నెత్తురు కక్కినా దాదాపు అందరూ గట్టెక్కుతారు. సీ తరగతిలో నూటికి ముప్పై మంది దాకా పోతారు. టబ్బులో నెత్తురు ఇద్దరికీ ఒకటే. తేడా లివరులో ఎంత మిగిలిందన్న దాంట్లో ఉంది. మేస్త్రి బీ తరగతి.

లివరు ఎందుకు చెడిందో మేస్త్రి దాచలేదు. "రోజుకో క్వార్టరేనండీ, అంతకు మించి ముట్టను" అన్నాడు. ఆ 'అంతకు మించి'ని లెక్క కట్టి చూద్దాం. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. మన విస్కీలో ఆల్కహాలు 42.8 శాతం. బరువులోకి మారిస్తే 60 గ్రాముల పైచిలుకు. రోజుకు 30 గ్రాములు దాటితేనే ఏళ్ల మీద సిర్రోసిస్ ముప్పు పెరుగుతుందంటారు. ఆయన ఇరవై రెండేళ్లు అంతకు రెట్టింపు తాగాడు, అదీ తూలకుండా, పని మానకుండా. తాగి వీధిలో పడిపోయేవాడి లివరే చెడుతుందని మనకో నమ్మకం. లివరు తూలడాన్ని లెక్కపెట్టదు, గ్రాములనే లెక్కపెడుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన పోరాటం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. మేస్త్రి మొదటి క్వార్టరు ఆ తర్వాతిదే.

అయితే సిర్రోసిస్ అనగానే తాగుబోతు అనుకోవడం అన్యాయం. చుక్క ముట్టని ఆడవాళ్లు కూడా హెపటైటిస్ బీ, సీ వైరస్‌లతో, షుగరూ కొవ్వూ పట్టిన లివరుతో ఇదే వార్డులో చేరుతున్నారు. మాస్టర్ చెకప్ రిపోర్టులో 'ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1' అని రాగానే ఫస్ట్ క్లాసులో పాసైనట్టు జేబులో పెట్టుకుని పోయేవాళ్లను చూస్తున్నాను. బీ వైరస్ విషయంలో మాత్రం తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ ముక్క ఒకటుంది. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో దేశంలోనే తయారైన హెపటైటిస్ బీ టీకాను దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికే మార్కెట్‌లోకి తెచ్చాడు. పుట్టిన రోజునే ఆ టీకా పడిన పిల్లలకు ఆ వైరస్‌తో లివరు చెడే దారి చాలామటుకు మూసుకుపోయినట్టే. కామెర్లంటే పసరు మందు కోసం ఊళ్లు వెళ్లే డెల్టాలో ఇది చిన్న సంగతి కాదు.

తొమ్మిదో రోజున మేస్త్రిని ఇంటికి పంపారు. చీటీలో ఉన్న ముఖ్యమైన మాత్రల్లో ఒకటి చూసి కొడుకు కంగారుపడ్డాడు. మందుల షాపువాడు "ఇది గుండెకు వాడేది" అన్నాడట. నిజమే. ప్రొప్రనొలాల్‌ను 1960లలో బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ గుండెనొప్పి కోసమే తయారుచేశాడు, 1988లో నోబెల్ అందుకున్నాడు. పారిస్ దగ్గర క్లిషీలో లెబ్రెక్ అనే డాక్టరు దాన్ని సిర్రోసిస్ రోగులకిస్తే పోర్టల్ ఒత్తిడి తగ్గుతుందని 1980లో కనుక్కున్నాడు. మరుసటి ఏడాది అచ్చయిన పరీక్షలో 74 మందిలో, మాత్ర వేసుకున్న జట్టులో 96 శాతానికి ఏడాది దాకా మళ్లీ నెత్తురు కారలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 50 శాతానికే కారలేదు. తర్వాతి పరీక్షల్లో ఇంత తేడా రాలేదు గానీ, మేలు మాత్రం నిలబడింది. ఇప్పుడు చాలాచోట్ల దాని బంధువు కార్వెడిలాల్ ఇస్తున్నారు. రెండూ కొద్ది రూపాయల మాత్రలే. నాడి నెమ్మదిస్తుంది, కాస్త నీరసంగా ఉంటుంది. అందుకే చాలామంది మధ్యలో మానేస్తారు. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే ఏడాదిలో పదిమందిలో ఆరుగురికి మళ్లీ నెత్తురు కారుతుంది.

ఇంకా ముందే తెలుసుకునే వీలుంది. సిర్రోసిస్ ఉందని తేలిన రోజునే చూస్తే దాదాపు సగం మందిలో వేరిసిస్ కనపడతాయి. అవి పగలకముందే మాత్రో బ్యాండో మొదలుపెడితే నెత్తురు కక్కే రాత్రే రాకుండా చూడొచ్చు. మేస్త్రికి రెండేళ్ల క్రితం ఎవరో స్కాన్ తీసి 'లివరు గరుకుగా ఉంది' అని రాసిచ్చారట. ఆ కవరు బీరువా మీద, లారీ కొలతల పుస్తకాల కింద దొరికింది.

కొత్త సీసా ఇంట్లోకి రాలేదు. తాగుడు ఆపిన మొదటి పది రోజులూ చేతులు వణికి, చెమటలు పట్టి, నిద్ర లేక మేస్త్రి నరకం చూశాడు. దానికీ డాక్టరు దగ్గర మందులున్నాయి. కడుపునొప్పికో నడుంనొప్పికో షాపులో అడిగి నొప్పిబిళ్ల తేకూడదని భార్య కొడుక్కి రోజూ చెప్పేది. మూడు వారాలకు రెండోసారి గొట్టం దించి ఇంకో మూడు బ్యాండ్లు వేశారు.

కార్తీకమాసం నడుస్తుండగా నలభై రెండో రోజు వచ్చింది. ఆ అంకె వరండాలో నేనే వాళ్లకు చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది. గోడ క్యాలెండరు మీద ఆవిడ ఆ రాత్రి నుంచి ఒక్కో గడికీ పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ వచ్చింది, వడ్రంగి పెన్సిలే. సాయంత్రం నన్ను పిలిచి ఆఖరి గీత చూపించింది. "ఇవాళ్టితో గడువు తీరిపోయినట్టేనా అన్నయ్య గారూ?" అంది. మేస్త్రి అరుగు మీద కూర్చుని చెక్క ముక్కకు చిత్రిక పడుతున్నాడు. "తీరదమ్మా, ఇవాళ్టి నుంచి ఆయన మామూలు సిర్రోసిస్ మనిషి" అన్నాను. ఆయన చిత్రిక ఆపి నవ్వాడు. ఆవిడ క్యాలెండరు పేజీ తిప్పి, డిసెంబరులో మూడో బ్యాండింగుకు రమ్మన్న తేదీ చుట్టూ ఆ పెన్సిల్‌తోనే సున్నా చుట్టింది.